టవర్ ఎక్కే ముందు గుంత సంగతి చూడు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కదిరి దగ్గర మీ ఊళ్ళో 60 అడుగుల టవర్ నిలబెట్టి చుట్టుపక్కల ఊళ్ళకి నెట్ ఇవ్వబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. టవర్ మీద పెట్టి నెట్ సిగ్నల్ పంపే రేడియో ఏది కొనాలో నాకంటే నీకే బాగా తెలుసు. అమలాపురంలో డిష్‌లు బిగించిన రోజుల నుంచి నేను నేర్చుకున్నది ఒక్కటే, పైన పెట్టింది పడిపోకుండా, కింద ఇంట్లోది కాలిపోకుండా చూసుకోవడం.

ముందు నా తెలివితక్కువ పని ఒకటి విను. నా మొదటి టవర్ కింద, పిడుగు కరెంటు నేలలోకి దిగిపోయేందుకు, ఎర్త్ గుంత ముచ్చటగా తవ్వించాను. కోనసీమ నేల కదా, కాస్త తవ్వితే చాలు చెమ్మ. ఇంటి కరెంటు ఎర్త్ వేరే ఉంది, పెరట్లో. పిడుగుని చేజేతులా ఇంట్లోకి పిలవడం ఎందుకని ఆ రెండూ కలపలేదు. ఆ మే నెలలో పక్క తోటలో కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. టవర్ మీద రేడియో నిక్షేపంగా ఉంది. ఇంట్లో ల్యాన్ కేబుళ్ళు కలిసే నెట్‌వర్క్ స్విచ్చు, రౌటర్, కంప్యూటర్ మూడూ పోయాయి. స్విచ్చు విప్పి చూస్తే ల్యాన్ పోర్టుల వెనక బోర్డు మసిబారిపోయి, ఒక చిప్పు పైపెచ్చు ఎగిరిపోయి ఉంది. పిడుగు పడ్డ ఆ క్షణంలో టవర్ కింద నేలకి ఒక వోల్టేజీ, పెరట్లో నేలకి ఇంకో వోల్టేజీ. వాటి మధ్య దారి నా ల్యాన్ కేబుల్ ఒక్కటే!

అందుకే గుంతలు ఎన్నయినా తవ్వు, అన్నిటినీ 25×3 మి.మీ. జీఐ (జింక్ పూత ఇనుము) పట్టీతో నేలలోనే కలిపెయ్యి. ఇంటి ఎర్త్‌తో సహా. ఉన్నట్టుండి ఎగిసే వోల్టేజీని ఎర్త్‌లోకి మళ్ళించే సర్జ్ ప్రొటెక్టర్ ఒకటి పైన రేడియో పక్కన, ఒకటి కేబుల్ ఇంట్లోకి దిగేచోట పెట్టు. వాటి ఎర్త్ వైరు పొట్టిగా, తిన్నగా పోవాలి. మిగిలిన వైరుని చుట్ట చుట్టి టవర్‌కి కట్టేస్తారు మనవాళ్ళు, చూడ్డానికి నీట్‌గా ఉంటుందని. ఆ పని చేయనివ్వకు. తిన్నటి తీగలో కూడా పిడుగు పడ్డప్పుడు మీటరుకి వేల వోల్టులు నిలబడతాయి, చుట్టలైతే ఇంకా ఎక్కువ.

మీది రాళ్ళ నేల, ఒక్క గుంతతో తేలదు. 8 అడుగుల రాడ్లయితే 16 అడుగుల ఎడంలో రెండో మూడో వేసి కలుపు. గుంతలో బొగ్గు, ఉప్పు వేస్తారు గానీ ఆ ఉప్పే ఎర్త్ పైపుని తినేస్తుంది, ఏడాదికోసారి చూసుకోవాలి. ఎర్త్ నిరోధం 10 ఓంలలోపు రావాలి. కొలత మాత్రం ఏప్రిల్‌లో తియ్యి. వానలప్పుడు ఏ గుంతైనా మంచి రీడింగే చూపిస్తుంది.

ల్యాన్ కేబుల్‌లోనే రేడియోకి కరెంటు పంపేది పీఓఈ అడాప్టర్, ఇంట్లో దాన్ని పెట్టే ప్లగ్ పాయింట్ విప్పించి చూడు. మన ఊళ్ళలో ఎర్త్ కోసం ఉండే మూడో చిల్లు చాలాచోట్ల అలంకారానికే ఉంటుంది, లేకపోతే న్యూట్రల్‌కి కలిపేసి ఉంటారు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సరి చేయించాకే రేడియోకి కరెంటు ఇవ్వు.

కేబుల్ షీల్డ్ (లోపల చుట్టిన లోహపు పొర) ఉన్నదే కొను, కనెక్టరూ లోహపుదే వాడు. కేబుల్ లోపలి సన్నటి డ్రెయిన్ తీగ ఆ కనెక్టర్‌కి తగిలి ఉండాలి. ప్లాస్టిక్ కనెక్టర్ వేస్తే షీల్డ్‌కి పెట్టిన డబ్బు దండగ. రేడియోలోకి పోయేముందు కేబుల్‌ని కిందికి ఒక వంపు తిప్పితే వాన నీరు అక్కడే కారిపోతుంది. ఎర్త్ క్లాంపు పెట్టేచోట పెయింటు గీకి మెరిసే లోహం మీద బిగించు. రాగిని నేరుగా జీఐకి తగిలించకు, వైరు కొసకి తగరం పూసిన లగ్గు (బోల్టు పట్టే బిళ్ళ) వాడు. కేబుల్‌కి కట్టే ప్లాస్టిక్ టైలు నల్లవే కట్టు. తెల్లవి రెండు ఎండాకాలాలకి పొడిపొడి అవుతాయి.

రేడియోని టవర్ కొసన పెట్టాలని ఆశ పుడుతుంది. కొస పిడుగు రాడ్‌ది, రేడియో దాని కింద ఉండాలి. నెత్తిన నేరుగా పిడుగు పడితే రేడియోకి ఏ ఎర్తూ పూచీ ఇవ్వదులే. మనం కాపాడుకునేది కింద ఇంటినీ మనుషుల్నీ.

టవర్ స్థలం 11 కేవీ లైనుకి కనీసం 90 అడుగుల దూరంలో చూడు, విరిగి పడినా తగలకూడదు. ఎక్కేవాడికి రెండు కొక్కేల బెల్టు ఉండాలి, ఒకటి తీసేముందు రెండోది తగిలి ఉండాలి. స్పానర్‌కి తాడు కట్టు, కింద ఎవర్నీ నిలబడనివ్వకు. తేనెతుట్టె ఉందేమో కిందనుంచే చూసుకో. నన్ను ఒకసారి 40 అడుగుల ఎత్తులో తరిమాయి, బెల్టు విప్పలేక పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

ఏప్రిల్, మే నెలల్లో పని పొద్దున్నే ముగించు. ఉరుము వినబడితే బోల్టు సగంలో ఉన్నా దిగిపో. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్ళీ ఎక్కకు. ఫోన్‌లో పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్ పెట్టుకో.

ఎర్త్ టెస్టర్ నా దగ్గర ఖాళీగానే ఉంది, ఈ వారం పార్సిల్ చేస్తాను. గుంతలు పూడ్చకముందే జాయింట్ల ఫోటోలు పంపు.

మీ మామయ్య