సంక్రాంతి నాలుగు రోజులూ చూసి సామాను సర్దేయకు

నాన్నా,

ఉద్యోగం ఇంటి నుంచే చేసుకోమన్నారట, కూకట్‌పల్లి ఫ్లాటు అద్దెకిచ్చేసి కోనసీమ వచ్చేస్తానంటున్నావట, మీ అమ్మ నిన్న ఫోన్లో ఒకటే గోల. నేను రావద్దనను. పదేళ్ళ కిందట మీ పెదనాన్న రిటైరయ్యాక మేమూ అలాగే వచ్చాం కదా. కాకపోతే మొన్న పండక్కి మా అరుగు మీద కూర్చుని, "పెద్దమ్మా, బతుకంటే ఇదీ" అన్నావు చూడు, అక్కడ భయం వేసింది నాకు. నువ్వు చూసింది ఊరు కాదురా, పండగ. భోగి నుంచి ముక్కనుమ దాకా ప్రతి గుమ్మం ముందూ హైదరాబాద్ కార్లే. ఆ తర్వాత వచ్చి చూడు. మా వీధిలో పదకొండు ఇళ్ళు, రెండింటికి తాళాలు, ఏడింట్లో అరవై దాటినవాళ్ళమే. సాయంత్రం ఏడున్నరకల్లా తలుపులు వేసేసి సీరియళ్ళు పెట్టుకుంటాం.

అందుకని ఏదీ కొనకు, ఏదీ కట్టకు, ఒక ఏడాది అద్దెకుండు. అది కూడా ఏప్రిల్‌లో దిగు. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు, ముందే మంచినీళ్ళ చెరువులు నింపుకుంటారు, మే నెలాఖరుకి ఆ నీళ్ళ రంగు చూస్తే తెలుస్తుంది ఇరవై లీటర్ల టిన్ను విలువేంటో. ఎండ ఒక ఎత్తు, ఉక్క ఒక ఎత్తు. కాస్త గాలి వీస్తే కొబ్బరి మట్ట వచ్చి తీగల మీద పడుతుంది, కరెంటు పోతుంది. అదంతా పడ్డాక కూడా ఇక్కడే ఉండాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

తర్వాత జులై, ఆగస్టుల్లో గోదారి వరద. ఇల్లు చూసినప్పుడు టైల్సు చూడకు, ఎనభై ఆరులోనూ, 2022 జులైలోనూ నీళ్ళు ఎంతవరకు వచ్చాయో పక్కింటి ముసలాయన్ని అడుగు, చెయ్యి పెట్టి చూపిస్తాడు. గోదారి పాయల మధ్య ఉండే లంక ఊళ్ళలో చవగ్గా దొరుకుతోందని అసలు వెళ్ళకు. వరదొస్తే పడవ మీదే రాకపోకలు. అది దాటితే అక్టోబర్, నవంబర్ తుఫాన్లు. ఇక్కడివాళ్ళు ఇప్పటికీ పిల్లల వయసు "తొంభై ఆరు తుఫానుకి ముందా, తర్వాతా" అని లెక్క చెబుతారు. నవంబర్ 6 రాత్రి అది. మేమప్పుడు హైదరాబాద్‌లోనే ఉన్నాం, ఫోన్లు పనిచెయ్యక మా అత్తగారు బతికున్నారో లేదో మూడు రోజులు తెలియలేదు. కాపుకొచ్చిన తోట నేలమట్టమైపోయింది.

తోటంటే గుర్తొచ్చింది, మీ నాన్న వాటా అరెకరం సంగతి. కొబ్బరి తోట ఉంది కదా ఖర్చులు వెళ్ళిపోతాయని మాత్రం లెక్కలు వేసుకోకు. దింపు, అంటే కాయలు కోయించడం, నలభై, నలభై ఐదు రోజులకోసారి, చెట్టెక్కేవాళ్ళు ఇప్పుడు దొరకడం లేదు, దొరికినా వాళ్ళు చెప్పిందే రేటు, అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో కాయ ధర ఈ నెల ఉన్నట్టు వచ్చే నెల ఉండదు. ముందు భూమి ఎవరి పేరున ఉందో చెప్పే 1బీ, అడంగల్, దాని మీద లావాదేవీలు చూపించే ఈసీ తీసి చూడు, రిజిస్ట్రేషన్ చెయ్యని భూముల 22ఎ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో కనుక్కో, మీ బాబాయిలతో పంపకాలు కాగితం మీద పెట్టించు. నోటిమాట పంపకం తాతల తరానికి చెల్లింది, మనకి చెల్లదు.

నీ ఉద్యోగానికి నెట్ రెండు చోట్ల నుంచి పెట్టించుకో, ఇన్వర్టర్ పెద్దది కొనుక్కో. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తే "ఆయ్, వచ్చేత్తున్నానండి" అంటాడు. ఆయ్ అంటే విన్నానని అర్థం, వస్తానని కాదు. నాకిది తెలియడానికి ఏడాది పట్టింది.

అసలు విషయం ఇవేవీ కాదు. కోడలిని అడిగావా? నువ్వు పొద్దున్నుంచి రాత్రిదాకా హెడ్‌ఫోన్సు పెట్టుకుని గదిలో ఉంటావు, ఊరితో బతకాల్సింది ఆ పిల్ల. అక్కడ గేటు దాటి వెళ్తే పట్టించుకునేవాళ్ళు లేరు, ఇక్కడ కొట్టుకెళ్ళి కొత్తిమీర తెచ్చేలోపు "ఎక్కడికమ్మా" అని నలుగురు అడుగుతారు. ప్రేమగానే అడుగుతారు, అయినా ఊపిరాడదు. వచ్చిన ఏడాది నేను పెరట్లో కూర్చుని ఎన్నిసార్లు ఏడ్చానో మీ పెదనాన్నకి కూడా తెలియదు. యాభై రెండేళ్ళకి స్కూటీ నేర్చుకున్నాను, ఊరంతా నవ్వింది, మళ్ళీ వాళ్ళే "అమలాపురం వెళ్తే మా మందులు కూడా తెచ్చిపెట్టండి" అని చీటీలిచ్చారు. కాబట్టి ఆ పిల్లకి సొంతంగా ఒక బండి, తనదంటూ ఒక పని ఉండాలి. అవి కుదరకపోతే రాకండి, అంతే.

ఇంకోటి. "ఇంటిపేరేంటి బాబూ" అని అడుగుతారు. అడిగేది ఇంటిపేరు కాదని నీకూ తెలుసు. నవ్వి చెప్పెయ్, కానీ ఎవరింట్లో కాఫీ తాగాలో, ఎవరింట్లో తాగకూడదో ఎవరైనా నీకు నేర్పబోతే మొదటి రోజే ఆపెయ్. వాట్సాప్ గ్రూపుల్లో పార్టీల గొడవల్లోకి దూరకు. పెళ్ళికి వెళ్ళకపోయినా చదివింపులు పంపిస్తే సరిపోతుంది గానీ, చావు ఇంటికి మాత్రం వెళ్ళి తీరాలి. ఎంతసేపూ అక్కర్లేదు, ఆ అరుగు మీద పది నిమిషాలు కూర్చుంటే చాలు, పదేళ్ళు గుర్తుంచుకుంటారు.

డాక్టర్ విషయంలో మొహమాటపడకు. మీ పెదనాన్నకి గుండెల్లో నొప్పి వచ్చిన రాత్రి ఊళ్ళో ఆర్‌ఎంపీ గ్యాస్ అని ఇంజెక్షన్ ఇచ్చాడు, మేమూ నమ్మి రెండు గంటలు పోగొట్టుకున్నాం. కాకినాడ చేరేసరికి తెల్లవారింది, అదృష్టం బాగుండి దక్కారు. ఆర్‌ఎంపీ జ్వరానికి సరే, అంతకుమించి ఏదొచ్చినా నేరుగా 108కి ఫోన్ చెయ్యి. వానాకాలం పాము కరిస్తే మంత్రాలూ కోతలూ కట్లూ వద్దు, కరిచిన కాలు కదపకుండా తిన్నగా ప్రభుత్వాసుపత్రికి. విషానికి విరుగుడు మందు దగ్గర్లో ఎక్కడుందో వచ్చిన వారమే వెళ్ళి కనుక్కుని రాసి పెట్టుకో.

మా ఎదురింటి వెనక పోర్షన్ ఖాళీగా ఉంది, రెండు గదులూ వరండా. నీ పేరు చెప్పి మాట్లాడి ఉంచాను, అడ్వాన్సు ఇవ్వలేదు. ముందు మీరిద్దరూ ఏప్రిల్లో ఒక పదిహేను రోజులు వచ్చి ఉండండి. వచ్చేటప్పుడు దోమతెరలు తెచ్చుకో, మీ పెదనాన్నకి ఉస్మానియా బిస్కెట్లు రెండు కేజీలు పట్రా. పదేళ్ళయినా అవి మాత్రం మర్చిపోలేకపోతున్నారు.

మీ పెద్దమ్మ