మీ పాట – మా మాట: పల్లవి కూడా తెలుగులోనే కట్టండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. చిన్నప్పటి నుంచి చర్చి క్వయర్‌లో పాడుతున్నాను. సోల్ (అమెరికా నల్లజాతివారి పాట), ఆఫ్రోబీట్స్ (నైజీరియా వైపు పుట్టిన పాప్) కలిపి ఒక పాట కట్టుకున్నాను. పల్లవి ఇంగ్లిష్, చరణాలు తెలుగు. బీటు, అంటే వెనక వచ్చే సంగీతం, నెట్‌లో కొన్నాను. వచ్చే నెల నా మొదటి సింగిల్‌గా విడుదల చేద్దామంటే ఒకటే టెన్షన్. ‘ఇక్కడ ఇలాంటివి ఎవరు వింటారు?’ అంటున్నారు. పాట పంపుతున్నాను, విని చెప్పండి.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, నాలుగుసార్లు విన్నాను. క్వయర్‌లో పండిన గొంతని మొదటి ఆలాపనలోనే తెలిసిపోయింది. సోల్‌కు పుట్టిల్లే చర్చి పాట. పేరున్న సోల్ గాయని అరెతా ఫ్రాంక్లిన్ కూడా అమెరికాలోని డెట్రాయిట్‌లో తండ్రి పాస్టరుగా ఉన్న చర్చిలో పాడుతూ పెరిగినావిడే.

పల్లవి మాత్రం మార్చండి. ఇంగ్లిష్ దగ్గరికి వచ్చేసరికి మీ గొంతు బిగుసుకుంటోంది. అదే చరణంలో ‘రేవుకాడా’ అన్నచోట ఆ చివరి ‘ఆ’ ఎంత హాయిగా సాగిందో మీరే వినండి. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, గొంతు తిప్పుకోవడానికి అక్కడ బోలెడు చోటు. నైజీరియాలోని లాగోస్ గాయకులు తమ యొరుబా భాష, పిడ్జిన్ అనే అక్కడి కలగలుపు ఇంగ్లిష్ కలిపి తమ వీధిలో మాట్లాడినట్టే పాడతారు. ఆ పాటలకు ప్రపంచమంతా ఆడుతోంది. ఆఫ్రికా పాటకు 2024 నుంచి గ్రామీలో విడిగా ఒక అవార్డు కూడా ఇస్తున్నారు. మీ రాజోలు యాస దాచుకోకండి.

ఇక బీటు. లీజుకు తీసుకున్నారా, ఎక్స్‌క్లూజివ్‌గా కొన్నారా? లీజైతే అదే బీటు ఇంకో పదిమందికి అమ్మవచ్చు. నా మొదటి పాటకు అదే జరిగింది. విడుదలైన మూడో వారం ఇంకెవరో ఆ బీటు తమదన్నారు, నా పాట తీసేశారు. చూపించడానికి నా దగ్గర రసీదు తప్ప ఒప్పందం లేదు. రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ బాధ మీకొద్దు, ఒప్పందం చివరి లైను దాకా చదవండి. రాసింది, బాణీ కట్టింది మీరే కాబట్టి ఐపీఆర్ఎస్‌లో (పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి రాయల్టీ వసూలు చేసి ఇచ్చే సంస్థ) కూడా చేరండి.

గొంతు మళ్లీ రికార్డు చేయాలి. వెనక రేకుల మీద వాన, ఎవరో కొబ్బరికాయలు ఒలుస్తున్న చప్పుడు వినిపిస్తున్నాయి. గది మూలన రెండు కొబ్బరి పీచు పరుపులు నిలబెట్టి, వాటికి వీపు పెట్టి పాడండి. పీచు శబ్దాన్ని పీల్చేస్తుంది. ఫ్యాను ఆపేయండి, మైకు జానెడు దూరంలో ఉంచండి.

స్పాటిఫై ప్లేలిస్టుకు పంపాలంటే విడుదలకు కనీసం వారం ముందే పెట్టాలి. అందుకని తేదీ కోసం తొందరపడకండి. ముందు తెలుగు పల్లవి కట్టి, బీటు లేకుండా, ఒట్టి చప్పట్లతో ఫోన్‌లో పాడి నాకు పంపండి.