స్టీరింగ్ బిగిస్తే బండి ఊగడం ఆగుతుందా?

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. చెరువుల మీది నుంచి రొయ్యలను ఐసు ట్రేలలో ప్యాకింగ్ షెడ్లకు తోలే పికప్ బండి ఉంది. కొని 14 ఏళ్ళయింది. ముందు వైపు కూడా కమాన్ కట్టలే, పవర్ స్టీరింగ్ ఉంది. కొంత కాలంగా స్టీరింగ్‌ను రెండు మూడు అంగుళాలు తిప్పినా చక్రాలు కదలడం లేదు. గతుకులో పడితే ముందు భాగమంతా ఊగిపోతోంది. మెకానిక్ స్టీరింగ్ బాక్సు మీది స్క్రూ బిగించాడు. ఆ వదులు (ప్లే) కొంత తగ్గింది గాని, మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం లేదు. ఇప్పుడు బాక్సే మార్చాలంటున్నారు. మార్చమంటారా?

జవాబు: ఇప్పుడే మార్చవద్దు. ముందుగా ఆ స్క్రూను మునుపున్న చోటికి వెనక్కి తిప్పించండి. బండి ఎక్కువ దూరం తిన్నగానే నడుస్తుంది కాబట్టి బాక్సులోని గేరు పళ్ళు నడిమిన ఎక్కువగానూ, పక్కలకు తక్కువగానూ అరుగుతాయి. నడిమి అరుగుదల చూసి స్క్రూ బిగిస్తే, స్టీరింగ్ పక్కకు తిరిగినప్పుడు అరగని పళ్ళు పట్టేస్తాయి. మీ స్టీరింగ్ వెనక్కి రాకపోవడానికి మొదట అనుమానించవలసినది దీనినే. ప్లే ఎక్కడుందో చూడకుండా ఈ స్క్రూ మీద చెయ్యి వేయడం మన షెడ్లలో బాగా పాతుకుపోయిన అలవాటు. పని నిమిషంలో అయిపోతుంది, బండి తోలేవారికి అప్పటికి బాగానే అనిపిస్తుంది.

ప్లే ఎక్కడుందో కనిపెట్టడానికి ఇద్దరు మనుషులు చాలు. బండిని గట్టి నేల మీద నిలిపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు పెట్టండి. జాకీ ఎత్తవద్దు, బరువు చక్రాల మీదే ఉండాలి. ఇంజను నడుస్తుండగా ఒకరు స్టీరింగ్‌ను రెండేసి అంగుళాలు కుడికీ ఎడమకీ ఆడిస్తూ ఉంటే, రెండోవారు కింద నుంచి చూడాలి. శివారు చేలకు నీరందకపోతే కాలువ గట్టు వెంట గండి వెతుక్కుంటూ వెళ్ళినట్టే, ఇక్కడ కూడా పైనుంచి వచ్చే కదలిక ఏ కీలు దగ్గర పోతోందో వరుసగా చూసుకుంటూ వెళ్ళాలి. స్టీరింగ్ రాడ్డు తిరుగుతున్నా బాక్సు నుంచి దిగే ఆర్మ్ కదలకపోతే తప్పు బాక్సుదే. ఆర్మ్ కదిలి, దాని కదలికను చక్రం వైపు అందించే డ్రాగ్ లింక్ అనే కడ్డీ ఆలస్యంగా కదిలినా, ఒక చక్రం కదిలి రెండోది ఆగినా, ఆ మధ్యలోని ఎండ్ (కడ్డీ చివరి కీలు) అరిగిందన్నమాట. ఒక్కొక్క ఎండ్ మీద వేళ్ళు ఆనించి ఉంచండి. కంటికి ఆనని ‘టక్’ వేలికి తెలుస్తుంది. బాక్సు మొత్తంగా ఛాసిస్ మీద కదులుతోందేమో కూడా చూడండి. బోల్టులు వదులైనా, అక్కడి రేకు బీటలు తీసినా, కొత్త బాక్సు వేసి ప్రయోజనం లేదు.

ఆ తరువాత ఇంజను ఆపి, ముందు ఇరుసును జాకీతో ఎత్తి స్టాండు మీద నిలపండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. ఊగితే అది వీల్ బేరింగా, కింగ్ పిన్నా (చక్రం పక్కలకు తిరగడానికి ఇరుసు చివర ఉండే పిన్ను) అన్నది తేల్చడానికి మరొకరిని బ్రేకు తొక్కి పట్టమనండి: ఊగడం ఆగిపోతే బేరింగు, అలాగే ఊగుతుంటే కింగ్ పిన్ బుష్‌లు.

మీ బండి విషయంలో నాకు ఎక్కువ అనుమానం కింగ్ పిన్ల మీద, ముందు చక్రాలు రెంటినీ కలిపే టై రాడ్ ఎండ్ల మీద. ట్రేల నుంచి కారే ఉప్పు నీరు, చెరువు గట్ల బురద కలిసి చేరితే కీళ్ళను కప్పే రబ్బరు బూటు చిరిగితే దాని లోపల గ్రీజు నిలవదు, తుప్పు మొదలవుతుంది. గ్రీజు ఎక్కని కింగ్ పిన్ బిగుసుకుపోయినా స్టీరింగ్ వెనక్కి రాదు కనుక, స్క్రూ వదులు చేశాక కూడా ఆ ఇబ్బంది మిగిలితే అక్కడ చూడండి. గ్రీజు కొట్టించేటప్పుడు ఇరుసును పైకి ఎత్తించండి. బరువు దిగితే తప్ప కింగ్ పిన్ కింద బరువు మోసే థ్రస్ట్ బేరింగుకు గ్రీజు సరిగా అందదు.

అరిగినవి మార్చాకే టైర్లు బ్యాలెన్సింగ్ చేయించి, అన్నిటికన్నా చివర అలైన్‌మెంట్ (చక్రాల వరుస సరిచేయడం) చేయించండి. వదులు కీళ్ళ మీద చేసిన అలైన్‌మెంట్ రెండు ట్రిప్పులు కూడా నిలవదు. ఏ ఎండ్ అయినా చేతితో పట్టుకుంటే పైకీ కిందికీ ఆడుతున్నట్లయితే, అది మార్చే వరకు బండికి లోడు వేయకండి. మీరు తిరిగేది ఒక పక్క కాలువ, మరో పక్క చెరువు ఉన్న దారుల్లో.

ప్రశ్న: రావులపాలెం మార్కెట్‌కు అరటి గెలలు తోలే మా పాత పికప్ ఎడమకు లాగుతోంది. అలైన్‌మెంట్ రెండు సార్లు చేయించినా తేడా లేదు.

జవాబు: బ్రేకు తొక్కినప్పుడే లాగుతుంటే అలైన్‌మెంట్ జోలికి పోకుండా ముందు బ్రేకులు విప్పించండి. ఎప్పుడూ లాగుతుంటే గాలి సరిచూసి, ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చండి. లాగుడు కుడికి మారితే తప్పు టైరుది. మారకపోతే టేపు తీసుకుని, ముందు చక్రం నడిమి నుంచి వెనుక చక్రం నడిమికి ఎంత దూరముందో రెండు వైపులా కొలవండి. ఎడమ వైపు తక్కువ వచ్చిందంటే, కమాన్ కట్ట సెంటర్ బోల్టు తెగి ఇరుసు జరిగి ఉండవచ్చు.