మెయిల్ సర్వర్‌కు డీఎన్ఎస్ జవాబు అందనప్పుడు

ప్రశ్న: మాది నల్లబండల పాలిష్ యూనిట్. బిల్లులు, కొటేషన్లు పంపడానికి ఉబుంటు (లినక్స్) మీద పోస్ట్‌ఫిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో సొంత మెయిల్ సర్వర్ నడుపుతున్నాము. మొన్న ఉబుంటును కొత్త వెర్షన్‌కు మార్చినప్పటి నుండి మెయిళ్లు బయటికి వెళ్లడం లేదు. లాగ్‌లో ‘హోస్ట్ నాట్ ఫౌండ్, ట్రై అగైన్’ అని వస్తోంది. అదే సర్వర్‌లో డీఎన్ఎస్‌ను (డొమైన్ పేర్లకు చిరునామాలు చెప్పే వ్యవస్థను) డిగ్ కమాండ్‌తో అడిగితే మాత్రం జీమెయిల్ ఎంఎక్స్ రికార్డులు (మెయిల్ అందుకునే సర్వర్ల పేర్లు) వెంటనే కనిపిస్తున్నాయి. ఆగిన మెయిళ్లు పోయినట్లేనా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి, అనంతపురం జిల్లా

జవాబు: పోలేదు. ‘ట్రై అగైన్’ అన్నది తాత్కాలిక వైఫల్యం కనుక పోస్ట్‌ఫిక్స్ ఆ మెయిళ్లను క్యూలో ఉంచి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. సెట్టింగు మార్చకపోతే ఈ గడువు 5 రోజులు, ఆ తర్వాతే పంపినవారికి తిప్పి పంపుతుంది. అయితే మరమ్మతు మధ్యలో డీఎన్ఎస్ పొరపాటున ‘అలాంటి డొమైన్ లేదు’ అని జవాబిస్తే మెయిల్ అప్పటికప్పుడే వెనక్కి వస్తుంది కాబట్టి, ముందుగా పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల ఫైలు మెయిన్.సీఎఫ్‌లో, అలా తిప్పి పంపకుండా ఆపే సాఫ్ట్ బౌన్స్‌ను ‘యెస్’ చేసి రీలోడ్ చేయండి. పని ముగిశాక దానిని తప్పక తీసివేయాలి.

డిగ్‌కు అందుతున్న జవాబు పోస్ట్‌ఫిక్స్‌కు అందకపోవడమే ఇక్కడ అసలు ఆధారం. డెబియన్, ఉబుంటు ప్యాకేజీలతో పెట్టిన చాలా సర్వర్లలో పోస్ట్‌ఫిక్స్ ప్రాసెస్‌లు చాలావరకు క్రూట్‌లో, అంటే తమ స్పూల్ డైరెక్టరీ (మెయిళ్ల క్యూ ఉండే ఫోల్డర్) దాటి మరే ఫైలూ కనిపించని ఏర్పాటులో పనిచేస్తాయి. డిగ్ చదివేది సిస్టమ్ ఈటీసీ ఫోల్డర్‌లోని రిజాల్వ్.కాన్ఫ్‌ను (ఏ డీఎన్ఎస్ సర్వర్‌ను అడగాలో చెప్పే ఫైలును), పోస్ట్‌ఫిక్స్ చదివేది స్పూల్ లోపలి ఈటీసీలో ఉన్న దాని నకలును. అప్‌గ్రేడ్‌లో సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డీ అనే స్థానిక డీఎన్ఎస్ సేవ అసలు ఫైలును, 127.0.0.53 (అదే సర్వర్‌లోని తన చిరునామా) రాసి ఉన్న మరో ఫైలును చూపే లింకుగా మార్చి ఉంటే, నకలులో పాత చిరునామాయే మిగిలిపోయి ఉండవచ్చు. నెట్‌వర్క్ సిద్ధం కాకముందే పోస్ట్‌ఫిక్స్ మొదలైతే నకలు ఖాళీగానూ ఉండవచ్చు.

రెండు ఫైళ్లనూ డిఫ్ కమాండ్‌తో పోల్చి చూడండి. తేడా ఉంటే పోస్ట్‌ఫిక్స్‌ను రీస్టార్ట్ చేయండి, సాధారణంగా నకలు అప్పుడే కొత్తగా తయారవుతుంది. కాకపోతే చేత్తో కాపీ చేయండి, కానీ లింకును కాక అది చూపే ఫైలునే కాపీ చేయాలి, ఎందుకంటే లింకు చూపే దారి క్రూట్ లోపల ఉండదు. నకలులో 127.0.0.53 ఉండడం తప్పు కాదు. క్రూట్ ఫైళ్లకే హద్దు గీస్తుంది, నెట్‌వర్క్‌కు కాదు.

రెండూ ఒకటిగానే ఉంటే, పోస్ట్‌ఫిక్స్ ప్రాసెస్‌ల జాబితా ఫైలు మాస్టర్.సీఎఫ్‌లో బయటికి పంపే ఎస్ఎంటీపీ వరుసలో క్రూట్ గడిని ‘ఎన్’ (వద్దు) చేసి రీలోడ్ చేయండి. మెయిల్ వెళ్లిందంటే లోపం క్రూట్ లోపలే ఉన్నట్లు. వెళ్లకపోతే డిగ్ ఫలితం చివరలోని ‘సర్వర్’ వరుసను చదవండి; మీరు వేరే సర్వర్ పేరు ఇచ్చి అడిగి ఉంటే ఆ పరీక్ష మీ సిస్టమ్ గురించి ఏమీ చెప్పదు. అంతా సరైన తర్వాత క్యూను ఫ్లష్ చేయండి (ఆగినవన్నీ వెంటనే పంపమనండి), లేకపోతే ఒక్కో మెయిల్ తర్వాతి ప్రయత్నానికి 4000 సెకన్ల వరకు ఆగవచ్చు.

ప్రశ్న: ఇటువంటప్పుడు రిజాల్వ్.కాన్ఫ్‌లో గూగుల్ డీఎన్ఎస్ చిరునామా 8.8.8.8 రాస్తే చాలంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: బయటికి వెళ్లే మెయిళ్లకు అది పనిచేస్తుంది, కానీ మెయిల్ సర్వర్‌కు నేను ఆ సలహా ఇవ్వను. స్పామ్‌హాస్ వంటి, స్పామ్ పంపే చిరునామాల నిషేధ జాబితాలను ఇటువంటి పబ్లిక్ రిజాల్వర్ (అందరూ వాడే డీఎన్ఎస్ సర్వర్) ద్వారా అడిగితే అసలు ఫలితానికి బదులు 127.255.255.254 అనే సంకేతం రావచ్చు. ఏ జవాబు వచ్చినా నిషేధంగా లెక్కించేలా పోస్ట్‌ఫిక్స్‌ను అమర్చి ఉంటే, మీకు వచ్చే మంచి మెయిళ్లు కూడా తిరస్కరణకు గురవుతాయి. అన్‌బౌండ్ అనే డీఎన్ఎస్ సాఫ్ట్‌వేర్‌ను అదే సర్వర్‌లో 127.0.0.1 మీద, మరొకరికి ఫార్వర్డ్ చేయకుండా నడపండి. ఫైర్‌వాల్‌లో బయటికి డీఎన్ఎస్ వాడే 53వ పోర్టును యూడీపీకి, టీసీపీకి రెండింటికీ తెరవండి. టీసీపీ మూసి ఉంటే పెద్ద జవాబులు ఇచ్చే కొన్ని డొమైన్లకు మాత్రమే మెయిల్ ఆగిపోయి, కారణం వెతకడం మరింత కష్టమవుతుంది.