ప్రేమకథలో హంతకుడెందుకు?

ప్రశ్న: 'వెన్ ద కమీలియా బ్లూమ్స్' అనే కొరియన్ సీరియల్ మొదలుపెట్టాను. హాయిగా సాగే ప్రేమకథలో ఆ హంతకుడి గొడవ ఎందుకండీ? ఆ భాగాలు దాటేసి చూడొచ్చా?

జవాబు: దయచేసి దాటేయకండి. 2019లో కొరియా టీవీ ఛానల్ కేబీఎస్2లో వచ్చిన ఈ సీరియల్ నాకు ప్రాణం. అందులో ప్రేమనీ భయాన్నీ విడదీయలేం. కొడుకుని ఒంటరిగా పెంచుకుంటూ, ఓంగ్సాన్ అనే ఊళ్లో బార్ నడిపే డోంగ్‌బెక్, ఒకప్పటి హత్యల కేసులో ప్రాణాలతో మిగిలిన సాక్షి. ఆమెని మనసారా ప్రేమించే యోంగ్‌సిక్ పోలీసు. అతను ఆధారాల కోసం తిరిగే ప్రతి అడుగూ ఆమె మీద ప్రేమే కదా! ఆ భాగాలు వదిలేస్తే అతని ప్రేమలో సగం మీకు కనిపించదు.

ఇంకో మాట. ఆ వీధిలో పీతల వంటకాలమ్మే ఆడవాళ్లని జాగ్రత్తగా గమనించండి. మొదట్లో డోంగ్‌బెక్‌ని సూటిపోటి మాటలంటారు. ఆమెకి ప్రమాదం ఉందని తెలిశాక ఎలా మారతారో చూస్తే నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. హంతకుడు లేకపోతే ఆ మార్పుకి చోటెక్కడిది?

డోంగ్‌బెక్‌గా వేసిన గోంగ్ హ్యో-జిన్ నటన గురించి చెప్పాలంటే ఈ పేజీ చాలదు. హంతకుడెవరో మాత్రం ముందే వెతుక్కోకండి.