క్షమాపణ లేఖలో కర్త
ప్రశ్న: మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు కార్యాలయంలో పనిచేస్తున్నాను. ముంబయి కొనుగోలుదారుకు పొరపాటున పాత ధరతో ఇన్‌వాయిస్ పంపాను. ఇంగ్లీషులో ‘మిస్టేక్ హ్యాపెన్డ్’ అని రాస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండి. అందులో తప్పు దానంతట అదే జరిగినట్టు ఉంటుంది. ‘ఎ మిస్టేక్ వాజ్ మేడ్’ అని కర్మణి ప్రయోగంలో రాసినా వ్యాకరణం కుదురుతుందే గాని, బాధ్యత ఎవరిదో తెలియదు. ‘ఐ సెంట్ యూ ద రాంగ్ ఇన్‌వాయిస్. ఐ అపాలజైజ్’ అని రాయండి. ‘సారీ ఫర్’ తరువాత క్రియ వస్తే ‘సెండింగ్’ అన్నట్టు ‘ఇంగ్’ చేర్చాలి. ‘ఇఫ్ దేర్ వాజ్ ఎనీ ఇన్‌కన్వీనియన్స్’ మాత్రం వద్దు. ఇబ్బంది కలిగిందని తెలిసీ ‘ఒకవేళ’ అనడం, నా దృష్టిలో, సగం క్షమాపణే. సరిచేసిన ఇన్‌వాయిస్‌ను అదే మెయిల్‌కు జతచేసి, కొత్త ధరను లేఖలోనూ స్పష్టంగా పేర్కొనండి.