టెక్ సందేహాలు: ఆడియోలో నాకెంత తెలుసు? 10కి ఎన్ని వేసుకోవచ్చు?

ఈసారి వచ్చిన సందేహాల్లో కొన్ని ఒకే తాను ముక్కల్లా ఉన్నాయి. ఫోన్ హ్యాంగ్ అవుతోంది, వైఫై అందడం లేదు లాంటివన్నీ వచ్చే వారానికి తోసేసి వీటినే తీసుకుంటున్నాను.

ప్రశ్న: హోమ్ ఆడియో నాకు 15 ఏళ్ల పిచ్చి. చుట్టాల్లో, ఆఫీసులో ఎవరు స్పీకర్లు కొనాలన్నా ముందు నాకే ఫోన్ చేస్తారు. నాకు నేను 10కి 8 మార్కులు వేసుకునేవాణ్ని. మొన్న మా మేనల్లుడు ‘మామయ్యా, స్పీకర్ వెనక 8 ఓమ్స్ అని ఉంది, అంటే ఏంటి? 4 ఓమ్స్‌ది కొంటే ఏమవుతుంది?’ అన్నాడు. రెండు ముక్కలు చెప్పి నీళ్లు నమిలాను. అసలు నాకెంత తెలుసో తేల్చుకునేదెలా? (రాజమహేంద్రవరం నుంచి)

జవాబు: మీవాడు పెట్టింది అసలు సిసలు పరీక్షే. 2002లో యేల్ యూనివర్సిటీకి చెందిన లియోనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కైల్ ఇలాంటి పనే చేశారు. జిప్, టాయిలెట్ ఫ్లష్, తాళం... ఇవి ఎలా పనిచేస్తాయో మీకెంత తెలుసని అడిగి ముందు మార్కులు వేసుకోమన్నారు. ఆ తర్వాత, సరే, మొదటి నుంచి చివరిదాకా వివరంగా రాయండి అన్నారు. రాశాక మళ్లీ మార్కులు అడిగితే జనం తమ మార్కులు తామే కోసుకున్నారు. రోజూ వాడే వస్తువు కాబట్టి తెలుసనిపిస్తుంది, అంతే.

మన హాబీలో ఈ భ్రమకు బలం ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ పేర్లు బోలెడు. ఏ మోడల్లో ఏ చిప్ ఉంది, పాతదానికీ కొత్తదానికీ ధరలో తేడా ఎంత, ఇవన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తాం. స్కోర్లన్నీ కంఠతా వచ్చినంత మాత్రాన బ్యాట్ పట్టుకోవడం వచ్చినట్టు కాదుగా.

ఓమ్స్ సంగతికి వద్దాం, మేనల్లుడికి బాకీ పడ్డారు కాబట్టి. యాంప్లిఫయర్ స్పీకర్‌కి అందించేది వోల్టేజీ. దానికి ఎంత కరెంటు లాగాలన్నది స్పీకర్ ఇంపీడెన్స్‌ని (కరెంటుకు అది పెట్టే అడ్డు, దాని కొలతే ఓమ్స్) బట్టి ఉంటుంది. 2.83 వోల్టులు ఇస్తే 8 ఓమ్స్ స్పీకర్ 1 వాట్ తీసుకుంటుంది. అదే వోల్టేజీకి 4 ఓమ్స్‌ది రెట్టింపు కరెంటు లాగి 2 వాట్లు తీసుకుంటుంది. ఆ కరెంటు ఇచ్చే సత్తా లేని యాంప్‌కి దాన్ని తగిలించి వాల్యూమ్ పెంచితే, యాంప్ కాలిపోయేంత వేడెక్కి ప్రొటెక్షన్‌లోకి వెళ్లి తనంతట తానే ఆగిపోతుంది. ప్రొటెక్షనే లేని అసెంబుల్డ్ సెట్ అయితే ఔట్‌పుట్ ఐసీకి నూకలు చెల్లినట్టే. కాబట్టి 4 మంచిదా 8 మంచిదా అని కాదు, యాంప్ వెనక కనీసం ఎన్ని ఓమ్స్ ఉండాలని రాసి ఉందో చూడాలి. పైగా ఆ 8 కూడా గుండుగుత్త లెక్కే, ఫ్రీక్వెన్సీని బట్టి పైకీ కిందకీ మారుతుంటుంది. మల్టీమీటర్ పెట్టి చూడండి, 8 చూపించదు, 6 దరిదాపుల్లో చూపిస్తుంది. కంగారు పడకండి, స్పీకర్ పోలేదు. మీటర్ కొలిచేది డీసీ రెసిస్టెన్స్‌ని.

ఇక మార్కులు. నేను చేసేది చెబుతాను. ఏదైనా మార్చే ముందు ఏమవుతుందో ఒక చీటీ మీద రాసిపెట్టుకుంటాను. సబ్‌వూఫర్‌ని మూలకు నెడితే బాస్ పెరుగుతుందా, తగ్గుతుందా? స్పీకర్లను చెవి ఎత్తు నుంచి అడుగు కిందకు దించితే ఏది తగ్గుతుంది? రాసింది చెరపకూడదు. చేసి చూశాక పది చీటీల్లో ఎన్ని నిజమయ్యాయో అవే మన మార్కులు. చేసి చూశాక ‘నేను ముందే అనుకున్నా’ అనడం చాలా తేలిక, చీటీ ఉంటే ఆ వీలుండదు.

ఇంకోటి. తెలియడం అనేది ఒకటే రకం కాదు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఒక మెకానిక్‌ని చూశాను. వూఫర్ తెచ్చిస్తే సాల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి, రెండు బొటనవేళ్లతో కోన్‌ని (ముందుండే గరాటు లాంటి పొర) చెరో పక్కన మెల్లగా లోపలికి నొక్కుతాడు. చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు అలా చేసి ‘కాయిల్ రాసుకుంటోంది సార్, మార్చాలి’ అంటాడు. నాకు వినబడని గరగర ఆయనకు వేళ్లకే తెలిసిపోతుంది. రివ్యూ అన్నది ఆయన ఒక్కటీ చదివి ఉండడు. మనం ఆయన కంటే చాలా పేర్లు చెప్పగలం, కానీ ఆ వూఫర్ ముందు మనకు సున్నా. మీ 8ని ఒకే అంకెగా ఉంచకండి. పేర్లకు ఎంత, కారణాలకు ఎంత, చెవికి ఎంత, చేతికి ఎంత అని విడదీయండి. కొన్ని ఎర్ర సిరాలో వస్తాయి, ఏం పర్లేదు.

ప్రశ్న: 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ ఫైళ్లకూ మామూలు సీడీ క్వాలిటీకీ తేడా నాకు స్పష్టంగా తెలుస్తుంది. మా రూమ్మేట్ ‘అంతా నీ భ్రమ’ అంటాడు. వాడి నోరు మూయించేదెలా? (వరంగల్ నుంచి)

జవాబు: మూయించొచ్చు, కాకపోతే నోరు ఎవరిది మూతపడుతుందో నేను హామీ ఇవ్వలేను.

ఆ 192 కిలోహెర్ట్జ్ ఫైలును మీరే 16 బిట్ 44.1 కిలోహెర్ట్జ్‌కి, అంటే సీడీ క్వాలిటీకి మార్చుకోండి. వేర్వేరు చోట్ల దొరికిన రెండు ఫైళ్లు పనికిరావు, వాటి మాస్టరింగ్ (విడుదలకు ముందు పాటకు దిద్దే తుది మెరుగు) వేరు కావచ్చు, వాల్యూమ్ వేరు కావచ్చు. కాస్త ఎక్కువ వాల్యూమ్‌లో ఉన్నదే మన చెవికి ‘బాగుంది’ అనిపిస్తుంది, ఆ తేడా వాల్యూమ్‌ది అని మనకు తట్టదు కూడా. తర్వాత కంప్యూటర్లో ఫూబార్2000 అనే మ్యూజిక్ ప్లేయర్ వేసుకుని, దానికి ఏబీఎక్స్ కంపారేటర్ అనే తోక తగిలించండి. అది ఏ, బీ రెండూ వినిపించి, వాటిలో ఒకదాన్ని ఎక్స్ అని దాచి వినిపిస్తుంది. ఎక్స్ ఏదో మీరు చెప్పాలి. 16 సార్లు చేయండి. కళ్లు మూసుకుని నొక్కినా సగటున 8 వస్తాయి. 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే అది అదృష్టం కొద్దీ వచ్చే అవకాశం నూటికి 4 లోపే, అప్పుడు రూమ్మేట్ చేత బిర్యానీ పెట్టించుకోవచ్చు. 16 అని ముందే అనుకోవాలి, 5కి 5 రాగానే లేచి డ్యాన్స్ చేయకూడదు.

ముందుగా ఒక మాట చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది. 2007లో అమెరికాలో మేయర్, మోరాన్ అనే ఇద్దరు ఇదే ప్రశ్న మీద పరీక్ష పెట్టి ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ జర్నల్లో రాశారు. హై రిజల్యూషన్ డిస్కుల సౌండ్‌ని ఒకసారి నేరుగా, ఒకసారి సీడీ క్వాలిటీకి దించి వినిపించారు. 554 సార్లలో 276 సరైనవి, అంటే బొమ్మా బొరుసా వేసినట్టే. 44.1 కిలోహెర్ట్జ్ శాంపిలింగ్‌లో 22 కిలోహెర్ట్జ్ దాకా శబ్దం పడుతుంది, మన చెవి 20 దగ్గరే ఆగిపోతుంది, నడి వయసుకి ఇంకా ముందే. కాబట్టి ఈ ఫలితం ఆశ్చర్యమేమీ కాదు.

మరి మీకు ‘స్పష్టంగా’ తెలిసేది అబద్ధమా? అబద్ధం కాదు, స్క్రీన్ మీద 192 అని కనబడుతున్నంతసేపూ తేడా నిజంగానే వినిపిస్తుంది. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఆడియో పరిశోధకులు అవే స్పీకర్లను ఒకసారి తెర వెనక పెట్టి, ఒకసారి కనబడేలా పెట్టి మార్కులు వేయించారు. వినేవాళ్లంతా స్పీకర్లు తయారుచేసే హర్మాన్ కంపెనీ సొంత ఉద్యోగులే. అయినా కనబడగానే మార్కులు మారిపోయాయి. అదే ఆలివ్ 2003లో చూపించింది మాత్రం మనకు ఊరట. శిక్షణ పొందిన శ్రోతలు, కాలేజీ కుర్రాళ్లు తెర వెనక నుంచి విన్నప్పుడు దాదాపు ఒకే స్పీకర్లను మెచ్చుకున్నారు. తేడా ఎక్కడంటే, శిక్షణ ఉన్నవాళ్లు అడిగిన ప్రతిసారీ దాదాపు అదే జవాబు చెప్పారు. చెవికి సాధన పనికొస్తుందన్నమాట, కాకపోతే ఆ సాధన రివ్యూలు చదవడం వల్ల వచ్చేది కాదు.

ప్రశ్న: మా ఇంట్లో పాత సెట్ మీద 3000 వాట్స్ పీఎంపీఓ అని ఉంది. తమ్ముడు కొన్నది 50 వాట్సే, కానీ దాని మోతే ఎక్కువ. (తెనాలి నుంచి)

జవాబు: పీఎంపీఓకి (పీక్ మ్యూజిక్ పవర్ ఔట్‌పుట్) కొలత అంటూ ఒకటి లేదు, ఎవరికి తోచిన అంకె వాళ్లు అట్ట మీద వేసుకునేవారు. నా కుర్రతనంలో 4440 అనే యాంప్ చిప్ (ఐసీ) వేసిన డబ్బాల మీద కూడా నాలుగంకెల వాట్లు చూశాను. ఆ ఐసీ స్టీరియోలో ఇచ్చేది చానల్‌కి 6 వాట్లే. ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల పవర్) అంకె ఒక్కటే చూడండి. అది కూడా 50 నుంచి 100కి పెరిగితే మోత రెట్టింపు అవ్వదు, పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే పవర్ పది రెట్లు కావాలి.

ప్రశ్న: డాలస్‌లో మా ఇంట్లో అద్భుతంగా పాడిన స్పీకర్లను హైదరాబాద్‌లో నాన్నగారికి తెచ్చిచ్చాను. ఆయన ‘గుయ్యిమంటోందిరా, వార్తల్లో మాట అర్థం కావట్లేదు’ అంటున్నారు. స్పీకర్ల గురించి నాకు బాగా తెలుసనే అనుకుంటున్నాను. తేడా ఎక్కడ? (డాలస్ నుంచి)

జవాబు: స్పీకర్ల గురించి తెలుసు, ఒప్పుకుంటాను. మీకు తెలియంది నాన్నగారి హాలు. హాబీ వాళ్లలో అందరికంటే ఎక్కువగా కనబడే లోటు ఇదే.

అక్కడి ఇల్లు చెక్క చట్రం, జిప్సమ్ గోడలు, కింద కార్పెట్. ఆ గోడలు కొంచెం ఊగి బాస్‌ని కొంత మింగేస్తాయి, కార్పెట్ పై శబ్దాలను మింగేస్తుంది. ఇక్కడ ఇటుక గోడ, పైన శ్లాబు, కింద విట్రిఫైడ్ టైల్స్. ఏదీ మింగదు, అంతా తిప్పికొడుతుంది. హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టమనండి, చివర్న టింగుమని లోహపు మోత వస్తే అదే దొంగ. వీడియో కాల్లో వినడానికి ప్రయత్నించకండి, ఆ యాప్‌లు చప్పట్లను రొద అనుకుని కోసేస్తాయి. ఫోన్లో రికార్డ్ చేసి పంపమనండి.

‘గుయ్యి’ వేరే కథ. ఎదురెదురు గోడల మధ్య 12 అడుగులుంటే, 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం ఆ గోడల మధ్యే ఊయల ఊగుతుంది. ఆ మోత గోడ దగ్గర ఎక్కువ, సరిగ్గా మధ్యలో తక్కువ. మన ఇళ్లలో సోఫా గోడకు ఆనించే ఉంటుంది కదా, నాన్నగారు కూర్చునేది అందరికంటే చెడ్డ చోట. సోఫాను రెండడుగులు ముందుకు, స్పీకర్లను మూలల నుంచి ఇవతలకు జరపమనండి. మందపాటి కర్టెన్లు, కింద ఒక జంపఖానా వేస్తే టింగు తగ్గుతుంది. గుయ్యి మాత్రం జంపఖానాతో పోదు, జరపాల్సిందే. పెద్దవయసులో పై ఫ్రీక్వెన్సీలు వినబడటం తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి. స, శ, ష లాంటి అక్షరాలు పలికేది అక్కడే, టోన్ కంట్రోల్లో ట్రెబుల్ ఒక మెట్టు పెంచితే వార్తలు తేటపడతాయి. అన్నట్టు, అవి కరెంటు ప్లగ్ ఉన్న స్పీకర్లయితే వెనక 230 వోల్టులకు పనిచేస్తాయని రాసి ఉందో లేదో చూశాకే ఆన్ చేయమనండి. ఈపాటికే మోగుతున్నాయి కాబట్టి ఉండే ఉంటుంది.

ప్రశ్న: అందరికీ మార్కులు వేస్తారు కదా, మీకు మీరు ఎన్ని వేసుకుంటారు? (కాకినాడ నుంచి)

జవాబు: అడుగుతారనుకున్నాను. పేర్లకు 9, కారణాలకు 6, చెవికి 5, చేతికి 2. చేతికి 2 ఎందుకో చెబుతాను.

కొన్నేళ్ల కిందట కొత్త స్పీకర్లు తెచ్చి నేనే వైరింగ్ చేశాను. వైరులో రెండు పోగులూ ఒకే రంగు, ఒకదాని మీద మాత్రం వేలికి తగిలేంత సన్నటి గీత. ఎడమ స్పీకర్‌కి ప్లస్, మైనస్ తారుమారు చేశాను. ఏడు నెలలు అలాగే విన్నాను. విన్నానా, వచ్చినవాళ్లందరికీ ‘చూశారా, సౌండ్ గోడలు దాటి ఎంత విశాలంగా పరుచుకుందో’ అని ఉపన్యాసం కూడా ఇచ్చాను. బాస్ పల్చగా ఉంటే దానికి ‘కంట్రోల్డ్ బాస్’ అని పేరు పెట్టాను. ఒకరోజు మా చిన్నమ్మాయి హోంవర్క్ చేసుకుంటూ తలెత్తి ‘నాన్నా, ఆవిడ ఎక్కడ నిలబడి పాడుతోంది?’ అంది. రెండు స్పీకర్ల మధ్యలోకి చూశాను. అక్కడ ఎవరూ లేరు. ఒక కోన్ ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. మధ్యలో ఉండాల్సిన గొంతు చెదిరిపోయింది, బాస్ ఒకదానికొకటి కొట్టుకుపోయింది. వైరు తిప్పగానే ఆవిడ వచ్చి మధ్యలో నిలబడింది, తబలా కూడా వచ్చింది.

మీదీ ఒకసారి చూసుకోండి. స్పీకర్ వైరును యాంప్ నుంచి పూర్తిగా విప్పి, ఆ కొసలను 1.5 వోల్టుల బ్యాటరీకి అర సెకను తాకించండి. యాంప్ ప్లస్‌కి వెళ్లే కొస బ్యాటరీ ప్లస్‌కి తగిలితే వూఫర్ కోన్ బయటకు జరగాలి. రెండు స్పీకర్లలోనూ ఒకే వైపు జరగాలి, అదే ముఖ్యం. ఇప్పుడు మా ఇంట్లో ప్రతి స్పీకర్ వైరుకూ రెండు చివర్లా మా ఆవిడ ఎర్ర గోళ్ల రంగు చుక్క ఉంటుంది.